బోర్డు కాగితంలో ఆ గడి చూశారా? మాజీ సైనికులు డిసెబిలిటీ పెన్షన్ తెచ్చుకునే పద్ధతి

ఆదివారం పొద్దున్నే గాజువాకలో మా వరండాకి ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవర్లో ఫైలు పట్టుకుని వస్తారు. మల్కాపురం నుంచి, గోపాలపట్నం నుంచి, ఒక్కోసారి శ్రీకాకుళం బస్సు దిగి నేరుగా కూడా. కుర్చీలో కూర్చోకముందే అడిగేది ఒకటే: "గురువుగారూ, నాకు బీపీ ఉంది, మోకాలు అరిగిపోయింది. డిసెబిలిటీ వస్తుందా, రాదా?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పను. ముందు బోర్డు కాగితం, అంటే సర్వీసు నుంచి దిగేటప్పుడు మెడికల్ బోర్డు రాసిన రిపోర్టు, చూపించమంటాను. పదిమందిలో ఏడెనిమిది మంది దగ్గర అది ఉండదు. ఉన్నా చదివి ఉండరు. అందుకే ప్రతి ఆదివారం చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది ప్రధానంగా జవాన్లు, సెయిలర్లు, ఎయిర్‌మెన్ కోసం. ఆఫీసర్లకి కూడా సూత్రం ఇదే, కాగితాలు తిరిగే ఆఫీసులు వేరు.

అర్హత

రెండు షరతులు. రెండూ ఉండాలి.

మొదటిది, జబ్బు లేదా గాయం సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. బోర్డు భాషలో వీటిని అట్రిబ్యుటబుల్, అగ్రవేటెడ్ అంటారు. రెండూ కాదని రాస్తే మనవాళ్లు దాన్ని ‘నానా’ అని పిలుస్తారు. ‘నానా’ పడిందంటే గుండె ఆపరేషన్ అయినవాడికైనా డిసెబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యానికి పెన్షన్‌లో అదనంగా ఇచ్చే భాగం, రాదు.

రెండోది, వైకల్యం 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని బోర్డు వేసి ఉండాలి. జబ్బు కారణంగా మధ్యలోనే ఇన్వాలిడ్ చేసి ఇంటికి పంపిన కేసుల్లో మాత్రం, శాతం తక్కువ వేసినా దాన్ని 20 పైనే అనుకోవాలని 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సొంతంగా అడిగి ముందే దిగిపోయినవాళ్లకి రాదని ఒక పాత మాట ఇంకా తిరుగుతోంది. 2006 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవాళ్లకి ఆ అడ్డంకి తీసేశారు. కాకపోతే సర్వీసులో ఉండగానే డిసెబిలిటీకి బదులుగా ఒకేసారి మొత్తం తీసుకుని ఉంటే, రిటైరయ్యాక మళ్లీ నెలనెలా అడగడానికి లేదు. ఇంకా యూనిఫాంలో ఉన్న తమ్ముళ్లు ఆ ఆప్షన్ ఫారం మీద సంతకం పెట్టేముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకోండి. ఒకసారి పెడితే అంతే.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత దిగినవాళ్లకి పేర్లు కూడా మారాయి. పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్లకి ఇచ్చేదాన్ని ఇప్పుడు ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. మీరు దిగిన తేదీని బట్టి ఏ రూల్సు వర్తిస్తాయో చూసుకోండి. 2010లో దిగిన మనిషి కొత్త రూల్సు చూసి భయపడక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిశ్చార్జి బుక్, పీపీవో (పెన్షన్ పేమెంట్ ఆర్డరు)
- రిలీజ్ మెడికల్ బోర్డు లేదా ఇన్వాలిడింగ్ బోర్డు పూర్తి కాపీ, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారం అన్ని పేజీలూ
- సర్వీసులో ఆసుపత్రిలో చేరినప్పటి డిశ్చార్జి స్లిప్పులు, మెడికల్ కేటగిరీ (ఫిట్‌నెస్ స్థాయి) తగ్గించిన బోర్డుల కాపీలు
- గాయమైతే ఇంజరీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగి ఉంటే దాని ఫలితం
- క్లెయిం తిరస్కరించిన ఉత్తరం, అది వచ్చిన కవరుతో సహా
- ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కు

కవరు ఎందుకంటే పోస్టాఫీసు ముద్ర మీద తేదీ ఉంటుంది. ఉత్తరం మీద ఒక తేదీ ఉండి, మీ చేతికి రెండు నెలల తర్వాత వస్తే, ఆ ముద్రే మిమ్మల్ని కాపాడుతుంది. నోట్‌బుక్కు సంగతి మూడో అడుగులో చెబుతాను.

1. బోర్డు కాగితం తెప్పించండి

మీ దగ్గర కాపీ లేకపోతే మీ రికార్డు ఆఫీసుకి రాయండి. నేవీ సెయిలర్లకి ముంబైలోని కమోడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఎయిర్‌మెన్‌కి ఢిల్లీ సుబ్రోతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డు ఆఫీసు. ఆర్మీలో ఎవరి రెజిమెంటుకి వాళ్లదే: ఈఎంఈ, ఏఓసీ వాళ్లకి సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్.

మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. దరఖాస్తులో "నా మెడికల్ వివరాలు ఇవ్వండి" అని గుండుగుత్తగా రాయొద్దు. "రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ అన్ని పేజీలు, క్లెయిం తిరస్కరణ మీద వైద్యాధికారి రాసిన అభిప్రాయం, కేటగిరీ బోర్డుల కాపీలు" అని విడివిడిగా అడగండి. గుండుగుత్తగా అడిగితే ఒక పేజీ పంపి చేతులు దులుపుకుంటారు.

కాగితాలు ఎలా అడగాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ డబ్బు అడగరు. డిశ్చార్జి బుక్ ఒరిజినల్, జిరాక్సు రెండూ తీసుకెళ్లండి. లేకపోతే మళ్లీ ఇంకోరోజు తిరగాలి.

2. కాగితం చదవండి. ఇక్కడ తొందరపడొద్దు

చాలామంది శాతం ఎంత వేశారో చూసి ఫైలు మూసేస్తారు. అసలు కథ మిగతా గడుల్లో ఉంటుంది.

మొదటి భాగంలో మీరే ఇచ్చిన స్టేట్‌మెంట్ ఉంటుంది. ఎక్కడెక్కడ పనిచేశారు, జబ్బు ఎప్పుడు మొదలైంది, సర్వీసులో చేరకముందు ఉందా, సర్వీసు వల్ల పెరిగిందని అనుకుంటున్నారా అని అడుగుతారు. క్లర్కు ఇచ్చిన నమూనా చూసి అందరూ ఒకే మాట రాసేస్తారు, లేదా ఖాళీ వదిలేస్తారు. మీరేం రాశారో ఇప్పుడు చూడండి.

తర్వాత మీ కమాండింగ్ ఆఫీసరు రాసే భాగం. డ్యూటీ ఎలాంటిది, ఒత్తిడి ఉందా అన్నది అక్కడ ఉంటుంది. నేను చూసిన ఒక ఫైల్లో సీవో "అవును, ఒత్తిడితో కూడిన డ్యూటీ" అని రాస్తే, నాలుగు పేజీల తర్వాత బోర్డు "సర్వీసుతో సంబంధం లేదు" అని రాసింది. ఆ మనిషి తొమ్మిదేళ్లుగా ఆ కాగితం బీరువాలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన అప్పీలుకి అంతకంటే గట్టి పాయింటు ఏముంటుంది?

చివరికి బోర్డు అభిప్రాయం. ఒక్కో జబ్బుకీ ఒక్కో వరస: అట్రిబ్యుటబుల్ అవునా కాదా, అగ్రవేటెడ్ అవునా కాదా, పక్కన కారణం. ఆ కారణం గడి మీద వేలు పెట్టి చదవండి. "సర్వీసుతో సంబంధం లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారా? పీస్ స్టేషన్లో (సరిహద్దు, ఫీల్డు కాని మామూలు చోట) జబ్బు బయటపడింది కాబట్టి కాదన్నారా? ఇవి రెండూ అప్పీలుకి పనికొచ్చే లోపాలు.

దాని కింద శాతాలు ఉంటాయి. జబ్బులు రెండు మూడు ఉంటే అన్నీ కలిపి ఒక శాతం వేస్తారు. అది కూడికలా ఉండదు, 30, 20 కలిపితే 50 అవ్వాలని పేచీ పెట్టుకోకండి. ఆ పక్కనే ‘పెన్షన్‌కి లెక్కలోకి వచ్చే నికర శాతం’ అని ఇంకో గడి ఉంటుంది. పై గడిలో 40 ఉండి ఈ గడిలో నిల్ ఉందంటే, జబ్బు ఉందని ఒప్పుకుని సర్వీసుతో సంబంధాన్ని కొట్టేశారని అర్థం. "నాకు 40 శాతం ఉంది, అయినా ఎందుకు రాలేదు" అని వచ్చేవాళ్లందరి ఫైల్లోనూ నేను చూసేది ఈ నిల్లే.

ఇక ఫిట్ కేటగిరీలో దిగినవాళ్లు. ప్రమోషన్ ఆగిపోతుందనో, ఎక్స్‌టెన్షన్ ఇవ్వరనో జబ్బు దాచి, బయట ప్రైవేటు డాక్టరు దగ్గర మందులు వాడి, చివరి మెడికల్లో "ఏ జబ్బూ లేదు" అని సంతకం పెట్టి దిగినవాళ్లు మన విశాఖలోనే బోలెడుమంది. వాళ్లకి దారి చాలా ఇరుకు. జబ్బు దిగిన తర్వాత బయటపడినా దాని మూలం సర్వీసులోనే ఉందని వైద్యాధికారులు ఒప్పుకుంటే క్లెయిం ఉంటుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ అది చేజారుతుంది. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఇది చదువుతుంటే, దయచేసి జబ్బుని సర్వీసు ఆసుపత్రి కాగితం మీదకి ఎక్కించండి. మన నేవీ ఆసుపత్రి కళ్యాణిలో రాయించుకున్న ఒక ఓపీడీ చీటీ, బయట పెట్టిన లక్ష రూపాయల బిల్లు కంటే బలమైనది.

3. నోట్‌బుక్కులో తేదీల వరస రాయండి

ఎడమ పేజీలో పోస్టింగులు, కుడి పేజీలో ఆరోగ్యం. ఏ సంవత్సరం ఏ షిప్పు, ఏ యూనిట్, ఏ డ్యూటీ. ఎదురుగా ఆ ఏడాది ఏం నొప్పి, ఎక్కడ చూపించుకున్నారు, కేటగిరీ ఎప్పుడు తగ్గింది. ఇంజిన్ రూములో పని, సియాచిన్, నైట్ వాచీలు, తుపాను డ్యూటీ, పడిపోయిన రోజు, అన్నీ. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న కొట్టిందని విశాఖలో ఎవరినడిగినా చెబుతారు. మీ నడుం ఎప్పుడు పట్టేసిందో కూడా అంత కచ్చితంగా చెప్పగలగాలి.

రెండు పేజీలూ పక్కపక్కన పెడితే సంబంధం దానంతటదే కనిపిస్తుంది. కనిపించకపోతే, నిజాయితీగా చెబుతున్నా, మీ కేసు బలహీనమైనదే.

గాయాలకి ఒక హెచ్చరిక. సెలవులో ఇంటి దగ్గర బండి మీంచి పడితే, అది డ్యూటీకి ముడిపడదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. డ్యూటీ స్టేషన్‌కీ ఇంటికీ మధ్య ప్రయాణంలో జరిగింది వేరే లెక్క, దానికి రూల్సులో చోటుంది. టికెట్టు, సెలవు పాసు ఉంటే తీసి పెట్టండి.

4. మొదటి అప్పీలు

తిరస్కరణ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆరు నెలలు. ఈ గడువు మీద నా పాఠం నేనే చెప్పుకుంటాను. నా చెవుల కేసు తిరస్కరించిన ఉత్తరం వచ్చినప్పుడు, కోపంతో దాన్ని మా ఆవిడ పట్టుచీరల కింద పెట్టేసి మర్చిపోయాను. మళ్లీ తీసేసరికి పద్నాలుగు నెలలు. ఆలస్యాన్ని మాఫీ చేయమని వేరే కాగితం రాసుకోవాల్సి వచ్చింది. అలా అడగవచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు కూడా. కానీ అనవసరమైన టెన్షన్.

అప్పీలు రికార్డు ఆఫీసు ద్వారా వెళ్తుంది. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయండి, రెండు పేజీలు మించొద్దు. "నేను దేశానికి ఇరవై ఏళ్లు సేవ చేశాను, నా పిల్లల చదువులు..." అని మొదలుపెట్టే అప్పీళ్లు నేను చాలా చూశాను. బాధ నిజమే, అప్పీలు చూసే కమిటీకి మాత్రం అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈ వరసలో రాయండి:

- సర్వీసులో చేరినప్పుడు వైద్య పరీక్షలో ఫిట్. ఈ జబ్బు గురించి అప్పుడు ఎక్కడా రాసిలేదు.
- ఫలానా తేదీన, ఫలానా యూనిట్లో, ఈ డ్యూటీలో ఉండగా మొదటిసారి బయటపడింది. కాపీ జతచేశాను.
- బోర్డు ఫలానా పేజీలో సంబంధం లేదని రాసింది, కారణం రాయలేదు. లేదా రాసిన కారణం ఇందుకు సరికాదు.
- కాబట్టి సర్వీసు వల్ల వచ్చినట్టు, లేదా కనీసం ముదిరినట్టు గుర్తించి, ఇంత శాతంతో మంజూరు చేయండి.

మొదటి పాయింటుకి వెన్నెముక 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్ల వచ్చినట్టే అనుకోవాలి, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిది అని ఆ తీర్పు సారం. బోర్డు కారణాలు రాయకపోతే చెల్లదని 2025లో రాజుమోన్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. ఈ రెండు పేర్లు రాస్తే చాలు. నెట్‌లో దొరికిన ఇరవై తీర్పులు అతికించకండి. ఇక 2023 రూల్సు కిందకి వచ్చేవాళ్లు తీర్పు పేరు మీద ఆధారపడకుండా, డ్యూటీకీ జబ్బుకీ ఉన్న లంకెని కాగితాలతో చూపించడం మీద ఎక్కువ శ్రమ పెట్టండి.

స్పీడ్ పోస్టులో పంపి, రసీదు నోట్‌బుక్కులో అంటించండి.

5. రెండో అప్పీలు

మొదటిది కూడా కొట్టేస్తే మళ్లీ ఆరు నెలల్లో రెండో కమిటీకి. పాత అప్పీలుకే తేదీ మార్చి పంపేవాళ్లున్నారు. అలా చేయకండి. మొదటి కమిటీ చెప్పిన కారణానికి జవాబు రాయండి. కొత్త కాగితం ఒక్కటైనా జతచేయండి.

6. ట్రిబ్యునల్

అక్కడా కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచి కిందకి వస్తుంది. చివరి ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లో వేయాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలు దాటినా జవాబు లేకపోతే, జవాబు కోసం కూర్చోకుండా కూడా వెళ్లవచ్చు. ప్రతి వాయిదాకీ మీరు రైలెక్కక్కర్లేదు, వకీలు చూసుకుంటారు.

పాతకాలం కేసు అయినా పెన్షన్ నెలనెలా వచ్చేది కాబట్టి హక్కు పోదు. కానీ బకాయిలు మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇస్తారు. ఇది 2008లో తర్సేమ్ సింగ్ తీర్పు నుంచి వచ్చిన పద్ధతి. అంటే మీరు ఊరుకున్న ప్రతి నెలా ఒక నెల బకాయి చేజారుతోంది.

"వచ్చిన బకాయిలో ముప్పై శాతం ఇవ్వండి" అనే ఏజెంట్లు బస్టాండులో కూడా తగులుతారు. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం వకీళ్లకి బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కూడదు. డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి. మాజీ సైనికులకి, వాళ్ల కుటుంబాలకి న్యాయ సహాయం కోసం నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన అని ప్రత్యేకంగా మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయంలో దాని గురించి అడగండి. స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) ఓటీపీ మాత్రం ఎవరికీ, ఎంత మంచి మాట చెప్పినా, ఇవ్వొద్దు.

7. వచ్చింది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

లెక్క ఇలా. వైకల్యం 100 శాతం అయితే డిసెబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. తక్కువ శాతానికి ఆ దామాషాలో తగ్గుతుంది. ఇక్కడ జీతం అంటే బేసిక్, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) కలిపి, గ్రూప్ పే ఉంటే అదీ.

ఉదాహరణకి బేసిక్ 39,200, ఎంఎస్‌పీ 5,200. మొత్తం 44,400. అందులో 30 శాతం 13,320. బోర్డు 40 శాతం వేసిందనుకోండి, లెక్క ప్రకారం 5,328. అయితే రౌండింగ్ అనేది ఒకటుంది: 20 నుంచి 49 వరకు వేస్తే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి పైన 100గా లెక్కిస్తారు. అప్పుడు మీ 40 కాస్తా 50 అయి, 6,660 వస్తుంది. దీని మీద డీఆర్ (కరువు భత్యం) కూడా కలుస్తుంది. ఇదంతా మామూలు సర్వీసు పెన్షన్‌కి అదనం. శత్రువుతో పోరులోనో, ఉగ్రవాదుల దాడిలోనో గాయపడినవాళ్లకి వార్ ఇంజరీ ఎలిమెంట్, అది రిటైరైనవాళ్లకి 30 బదులు 60 శాతం లెక్కన ఉంటుంది.

రౌండింగ్ ఇన్వాలిడ్ అయినవాళ్లకే అని చాలాకాలం అన్నారు. పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్లకీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత పీపీవోలు ఇప్పటికీ 20, 30 శాతం మీదే నడుస్తుండటం నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పటికే డిసెబిలిటీ వస్తోంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు కూడా స్పర్శ్‌లోకి లాగిన్ అయి పీపీవో దించుకుని ఈ నాలుగూ చూడండి:

- డిసెబిలిటీ ఎలిమెంట్ అని విడిగా లైను ఉందా
- శాతం ఎంత రాశారు, రౌండ్ చేశారా
- చివరి జీతం సరిగ్గా ఎక్కిందా, ఎంఎస్‌పీ కలిసిందా
- ఎప్పటివరకు అని ఉంది, జీవితాంతమా లేక ఒక తేదీతో ఆగిందా

తప్పుంటే స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ పెట్టి ఆ నంబరు రాసుకోండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ రాగానే సంతోషపడిపోకుండా, వచ్చే నెల బ్యాంకు పాస్‌బుక్కు ప్రింటు కొట్టించి చూడండి. మా వీధిలో ఒకాయనకి గ్రీవెన్స్ మూడుసార్లు పరిష్కారమైంది, డబ్బు మాత్రం నాలుగోసారికి పడింది.

ఫైలు పట్టుకుని మా వరండాకి రావాలనుకునేవాళ్లు రండి, టీ ఉంటుంది. బోర్డు కాగితం మాత్రం అన్ని పేజీలూ జిరాక్సు తీయించి తీసుకురండి. పోయినవారం ఒకాయన రెండు వైపులా ప్రింటున్న కాగితానికి ఒకవైపే జిరాక్సు తీయించి తెచ్చాడు. కావాల్సిన గడి వెనకవైపు ఉండిపోయింది.